బాపు గీసిన నాలుగో బొమ్మ

లాయర్ గారు ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడిగారు. "మీ స్పెసిఫికేషన్‌లో నాలుగో బొమ్మ ఉంది కదండీ, అందులో గడికీ గడికీ మధ్య ఒక గీత కాకుండా రెండేసి గీతలు ఉన్నాయి. ఎందుకు?"

స్పెసిఫికేషన్ అంటే పేటెంటు దరఖాస్తులో మా పరికరాన్ని వివరించే పత్రం. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆ బొమ్మ గీసింది నేను కాదు, మా బాపు, అంటే మా నాన్న. ఇన్నేళ్ళుగా ఆ కాగితాన్ని చూస్తూనే ఉన్నాను, స్కాన్ చేసి పంపింది కూడా నేనే, కానీ గీతలు రెండున్నాయన్న సంగతి ఒక్కసారి కూడా పట్టించుకోలేదు. "కనుక్కొని చెప్తాను మేడమ్" అని ఫోన్ పెట్టేశాను.

ఆ జవాబు కోసం వెతుకుతుంటే మా కేసు, అంటే చీకట్లో మెరిసే బోర్డుకు మేము పేటెంటు అడిగిన కేసు, మొత్తం నాకు వేరేగా కనిపించడం మొదలైంది. అందుకే ఇది రాస్తున్నాను. పేటెంటు, అప్పీలు అనే మాటలు పెద్ద కంపెనీలవే అనుకుంటాం. హన్మకొండలో బోర్డులు చేసుకునే ఒక చిన్న షాపుకు కూడా ఆ దారి ఉంది. ఆ దారిలో మేము ఎక్కడ పొరపాటు చేశామో తెలిస్తే ఇంకొకరికి పనికొస్తుంది.

బాపు ముప్పై ఏళ్ళకు పైగా బోర్డులు రాశాడు. హన్మకొండ చౌరస్తా నుంచి సుబేదారి దాకా, ఇటు కాజీపేట దాకా ఆయన చెయ్యి పడని బజారు లేదు. కిరాణా కొట్లు, మెడికల్ షాపులు, ఎరువుల దుకాణాలు, ఎన్నికలు వస్తే గోడలు. ముందు సుద్ద పూసిన దారాన్ని బిగలాగి టప్పున వదిలి గీతలు కొట్టుకునేవాడు. ఆ గళ్ళలో అక్షరాలకు ఔట్‌లైన్ గీసి, ఎనామిల్ రంగు నింపి, చివరికి షేడ్ ఇచ్చేవాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని మా కళ్ళ ముందే పోయింది. ఐటీఐ చదివిన తమ్ముడు షాపును ఎల్ఈడీ బోర్డుల వైపు తిప్పాడు. నేను కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసి ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్తున్నాను. సాయంత్రాలు షాపులో కూర్చుని లెక్కలు చూస్తాను.

2018 మొదట్లో తమ్ముడు చీకట్లో మెరిసే పొడి అరకిలో తెప్పించాడు. ఒక నర్సింగ్ హోమ్ వాళ్ళు, కరెంటు పోయినా మెట్లు ఎటున్నాయో తెలిసేలా బాణం గుర్తులు కావాలన్నారు. ఆ పని తేలిగ్గానే అయిపోయింది. అప్పుడే మా మేనమామ ఇంటికి వచ్చాడు. ఆయన గోదావరిఖనిలో భూగర్భ గనిలో పనిచేసి రిటైర్ అయ్యాడు. గని లోపల టోపీ లైటు ఆర్పేస్తే కన్ను తెరిచినా మూసినా ఒక్కటేనని చిన్నప్పుడు మాకు చెప్పేవాడు. బాణం గుర్తు ఉన్న రేకును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మంచిగనే ఉంది గని, రేపు దారి మారితే ఎట్లరా? బాయిల ఇయ్యాల ఉన్న తొవ్వ రేపు ఉండదు. మల్ల కొత్త బోర్డు రాయాల్నా?"

ఆ ప్రశ్న మా ముగ్గురికీ ముల్లులా గుచ్చుకుంది.

ఇక్కడ ఆ పొడి గురించి కొంచెం చెప్పాలి. దాని పేరు స్ట్రాన్షియం అల్యూమినేట్. అందులో యూరోపియం, డిస్ప్రోషియం అనే మూలకాలు చాలా కొద్దిగా కలుపుతారు. వెలుగు పడినప్పుడు ఎలక్ట్రాన్లు పైకి లేస్తాయి. వాటిలో కొన్ని గుంటల్లాంటి చోట్ల చిక్కుకుంటాయి. అడుగున సన్నని చిల్లు ఉన్న కుండను నింపి పెట్టినట్టు అనుకోమని మా పిల్లలకు చెప్తాను. చిక్కుకున్న ఎలక్ట్రాన్లు ఒక్కొక్కటిగా బయటపడుతున్నంత సేపూ ఆకుపచ్చ వెలుగు వస్తుంది. దాని తరంగదైర్ఘ్యం దాదాపు 520 నానోమీటర్లు. మొదటి కొన్ని నిమిషాల్లో వెలుగు గబగబా తగ్గిపోతుంది, ఆ తర్వాత చాలా నెమ్మదిగా తగ్గుతుంది. చీకటికి అలవాటుపడిన కంటికి గంటల తరబడి కనిపిస్తూనే ఉంటుంది. అంతకు ముందు వాడిన జింక్ సల్ఫైడ్ ఇంతసేపు నిలిచేది కాదు. జపాన్‌లోని నెమోటో కంపెనీ 1990ల మొదట్లో ఈ కొత్త పదార్థాన్ని తీసుకొచ్చింది. 1995లో అమెరికాలో వాళ్ళకు 5,424,006 నంబరుతో పేటెంటు వచ్చింది. ఆ పేటెంటు గడువు ఎప్పుడో తీరిపోయింది. కాబట్టే ఆ పొడితో ఇప్పుడు ఎవరైనా పని చేసుకోవచ్చు. పేటెంటు అంటే నాకు మొదటిసారి గౌరవం కలిగింది అక్కడే. నీకు తెలిసింది అందరికీ అర్థమయ్యేలా రాసిపెట్టు, 20 ఏళ్ళు హక్కు నీది, ఆ తర్వాత లోకానిది. ఎక్కడో జపాన్‌లో రాసిపెట్టింది మా షాపు దాకా వచ్చింది.

వయొలెట్ ఎల్ఈడీతో, అంటే 405 నానోమీటర్ల వెలుగుతో, ఈ పొడి పూసిన రేకు మీద అక్షరాలు రాయొచ్చు. వెలుగు తగిలిన చోటే మెరుస్తుంది. ఇది మేము కనిపెట్టింది కాదు, ముందునుంచీ తెలిసిందే. ఇబ్బంది చెరపడంలో ఉంది. ఒకసారి రాస్తే ఆ అక్షరం గంటల తరబడి పోదు. దాని మీదే కొత్తది రాస్తే రెండూ కలిసిపోయి ఏదీ చదవడానికి రాదు.

చెరిపే దారి మా అమ్మ ఇస్త్రీ పెట్టె చూపించింది. మే నెల సాయంత్రం, అమ్మ ఇస్త్రీ చేస్తుండగా కరెంటు పోయింది. చీకట్లో వేడి పెట్టెను పక్కనున్న రేకు మీద పెట్టింది. అది తమ్ముడు "తెరిచి ఉంది" అని రాసి ఆరబెట్టిన అల్యూమినియం రేకు. కాలిన వాసన వచ్చి అమ్మ పెట్టెను ఎత్తేసింది. ఎత్తగానే ఆ పెట్టె ఆకారంలో పచ్చటి వెలుగు భగ్గుమంది. అంత వెలుగు ఆ పొడిలో ఉందని మాకు అప్పటిదాకా తెలియదు. చూస్తుండగానే అదే ఆకారంలో నల్లగా అయిపోయింది. రేకు మీద "తెరి" మిగిలింది, "చి ఉంది" పోయింది.

నేను ఫిజిక్స్ చదువుకున్నాను కాబట్టి ఏం జరిగిందో ఆ క్షణమే అర్థమైంది. వేడి తగిలితే కుండ చిల్లు పెద్దదవుతుంది. ఉన్న వెలుగంతా ఒక్కసారి బయటికి వచ్చి కుండ ఖాళీ అవుతుంది. కానీ దాన్ని చెరుపుడు రబ్బరులా వాడొచ్చని ఎప్పుడూ తట్టలేదు. ఆ రాత్రి తమ్ముడూ నేనూ నిద్రపోలేదు.

తర్వాత ఏడాదిన్నర ఎట్లా గడిచిందో మొత్తం రాయను. మొదటి వానాకాలంలో రేకులన్నీ పాడయ్యాయి. ఆ పొడికి నీళ్ళు తగిలితే విరిగిపోతుంది, పైన వార్నిష్ లాంటి పొర తప్పనిసరి. అల్యూమినియం మీద ఒక అక్షరాన్ని చెరపాలని వేడి చేస్తే వేడి నాలుగు దిక్కులా పాకి పక్క అక్షరాలు కూడా పోయేవి. అప్పుడు తమ్ముడు పాత ఇస్త్రీ పెట్టె విప్పాడు. లోపల అభ్రకం రేకు మీద నైక్రోమ్ తీగ చుట్టి ఉంటుంది. అదే పద్ధతిలో చిన్న చిన్న అభ్రకం ముక్కలకు తీగ చుట్టి, ఒక్కో ముక్క మీద ఒక్కో అక్షరం వచ్చేలా బోర్డు చేద్దామన్నాడు. రెండు వరుసలు, వరుసకు 12 గళ్ళు, మొత్తం 24. వయొలెట్ ఎల్ఈడీల పట్టీ ఒకటి గళ్ళ మీదుగా జరుగుతూ రాస్తుంది. ఏ గడిలో అక్షరం మారాలో ఆ గడి ఒక్కటే 90 డిగ్రీల దాకా వేడెక్కి ఖాళీ అవుతుంది. మిగతా అక్షరాలు అట్లాగే ఉంటాయి. రాయడానికీ చెరపడానికీ చిన్న బ్యాటరీ చాలు, నిలబెట్టడానికి అసలు కరెంటే అక్కర్లేదు.

గడి ఎంత పొడుగుండాలి అన్నది బాపు తేల్చాడు. తెలుగు అక్షరానికి కింద ఒత్తు ఉంటుంది, పైన గుడి ఉంటుంది. ఇంగ్లీషు లెక్కతో చేసిన బోర్డుల్లో మన ఒత్తులు నలిగిపోయి చీమల్లా కనిపిస్తాయి. బాపు గ్రాఫ్ కాగితం తీసుకుని, అసలు సైజులోనే గళ్ళు గీసి, ఒక గడిలో "స్త్రీ" అని రాసి చూపించాడు. "గిది పట్టిందంటే అన్నీ పడ్తయ్" అన్నాడు. ఆ కాగితమే తర్వాత నాలుగో బొమ్మ అయింది. తమ్ముడు ఆ కాగితాన్ని అభ్రకం మీద పెట్టి, గీతల వెంబడే కోశాడు.

2019 నవంబరులో పేటెంటుకు ప్రొవిజనల్, అంటే తాత్కాలిక దరఖాస్తు వేశాం. వ్యక్తులు ఆన్‌లైన్‌లో వేసుకుంటే ఫీజు 1,600 రూపాయలే. ఫారంలో ముగ్గురి పేర్లూ ఆవిష్కర్తలుగా రాయించాం. ఆ తర్వాత 12 నెలల్లోగా పూర్తి స్పెసిఫికేషన్ ఇవ్వాలి. అది లాక్‌డౌన్ ఏడాది. కాలేజీ జీతాలు సగం, షాపు మూత. 2020 నవంబరులో గడువు ముగియడానికి నాలుగు రోజుల ముందు పంపాం.

ఆ స్పెసిఫికేషన్‌లో అన్నిటికంటే ముఖ్యమైన భాగం చివర్లో ఉండే క్లెయిమ్‌లు. ముందు ఎన్ని పేజీలు వివరించినా, ఎన్ని బొమ్మలు వేసినా, హక్కు అడిగేది మాత్రం క్లెయిమ్‌లలోనే. పొలం ఎంత బాగా పండుతుందో కాదు, పట్టాలో హద్దులు ఎక్కడ రాశారో అది ముఖ్యం. మా మొదటి క్లెయిమ్ తెలుగులో చెప్తే ఇట్లా ఉంటుంది: వెలుగుతో ఉత్తేజితమై ప్రకాశించే పొర, దాని మీద సందేశాన్ని రాసే కాంతి జనకం, రాసినదాన్ని వేడితో చెరిపే సాధనం ఉన్న ప్రదర్శన పరికరం. "చెరిపే సాధనం" అంతే. గళ్ళ మాట లేదు. ఎంత వెడల్పుగా అడిగితే అంత మంచిదని మేము నమ్మాం.

పదకొండో క్లెయిమ్ ఒకటి రాశాం. అందులో "ఒక్కో గడినీ విడిగా వేడి చేసే" అన్న మాట ఉంది. పది దాటితే ఒక్కో క్లెయిమ్‌కు అదనంగా 320 రూపాయలు కట్టాలి. డబ్బు ఒక్కదాని కోసమే దాన్ని వదిలేశామని చెప్పలేను. మొదటి క్లెయిమ్‌లో ఇది ఎట్లాగూ కలిసే ఉంది కదా అనుకున్నాం. తీసేయమని చెప్పింది నేనే. ఆ నిర్ణయం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

2022లో పేటెంటు ఆఫీసు నుంచి మా దరఖాస్తు మీద పరీక్ష నివేదిక వచ్చింది. అందులో రెండు పాత పత్రాలు చూపించారు. ఒకదానిలో మెరిసే రేకు మీద వయొలెట్ వెలుగుతో రాయడం ఉంది. ఇంకోదానిలో రేకు మొత్తాన్ని వేడి చేసి నిల్వ వెలుగును పోగొట్టడం ఉంది. ఆ రెండూ కలిపితే మీ మొదటి క్లెయిమే కదా, ఈ విద్య తెలిసినవాడికి ఇది తట్టదా అన్నది అభ్యంతరం. చదివి మూడు రోజులు అన్నం సహించలేదు. నాలుగో రోజు మళ్ళీ చదివితే, మొదటి క్లెయిమ్ రాసిన తీరుకు ఆ అభ్యంతరం సరైనదే అనిపించింది. వేడితో వెలుగు బయటికి వస్తుందన్నది మేము కనిపెట్టిందా? రాబర్ట్ బాయిల్ 1663లోనే ఒక వజ్రాన్ని వెచ్చబెడితే చీకట్లో మెరిసిందని రాశాడు. మేము చేసింది వేడి చేయడం కాదు, పక్కదాన్ని ముట్టకుండా వేడి చేయడం. కానీ మేము అడిగింది వేడి చేయడాన్ని.

ఆరు నెలల్లోగా జవాబు ఇచ్చాం. 2023లో హియరింగ్ నోటీసు వచ్చింది. దానికి కొద్ది రోజుల ముందే ఆ వానలు.

జులై 27 తెల్లవారుజామున ఈ ప్రాంతంలో ఉన్నవాళ్ళెవరూ మర్చిపోరు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన. భూపాలపల్లి వైపు మోరంచపల్లి ఊరు ఊరంతా నీళ్ళలో మునిగింది. హన్మకొండ, వరంగల్‌లో పల్లపు కాలనీల్లోకి నీళ్ళు వచ్చాయి, కరెంటు లేదు. మా వీధి చివర రెండంతస్తుల ఫంక్షన్ హాలులో కింది కాలనీల వాళ్ళు తలదాచుకున్నారు. తమ్ముడు షాపులో ఉన్న నమూనా బోర్డును భుజాన వేసుకుని వెళ్ళి మెట్ల దగ్గర పెట్టాడు. మొదట "తాగే నీళ్ళు పైన" అని రాశాడు. అర్ధరాత్రి నీళ్ళ డబ్బాలు కిందికి మార్చారు. బోర్డులో "పైన" ఒక్కటే చెరిపి "కింద" అని రాశాడు. పిల్లలు ఆ పచ్చటి అక్షరాల ముందు కూర్చుని చదువుకుంటూ నిద్రపోయారట. ఒక మాట చెరిగినప్పుడు మిగతా రెండు మాటలు కదలకుండా ఉన్నాయి. మా పరికరం ఏమిటో అంతకంటే బాగా నేను ఎవరికీ చెప్పలేను. ఆ రాత్రి ఫోటో ఒక్కటి కూడా తీయలేదు. ఎవరికి గుర్తుంటుంది.

హియరింగ్ వీడియోలోనే జరిగింది. షాపు షట్టర్ సగం దించి, ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. నాకు టెన్షన్‌తో గొంతు ఎండిపోయింది. ఆ తర్వాత 15 రోజుల్లోగా రాతపూర్వకంగా వాదన ఇవ్వొచ్చు. అప్పుడు మొదటి క్లెయిమ్‌ను కుదించాం, తీసేసిన పదకొండోదాన్ని అందులోకి తెచ్చాం. పేటెంట్ల చట్టం సెక్షన్ 59 ప్రకారం మొదట అడిగిన హద్దుల లోపలే సవరించుకోవాలి, స్పెసిఫికేషన్‌లో లేనిదాన్ని కొత్తగా చేర్చకూడదు. గళ్ళు వివరణలో ఉన్నాయి, నాలుగో బొమ్మలో ఉన్నాయి. కాబట్టి కుదించడానికి వీలైంది.

2024 మొదట్లో దరఖాస్తు తిరస్కరించారు. సవరించిన క్లెయిమ్ కూడా ఆ రెండు పత్రాల నుంచి తేలిగ్గా తట్టేదే అని ఆదేశంలో రాశారు. గళ్ళ గురించి ఒక్క వాక్యం ఉంది, విడిగా వేడి చేయడం మామూలు మార్పు అని.

ఇంతకు ముందు ఇలాంటి అప్పీళ్ళు వినడానికి ఐపీఏబీ అనే ట్రిబ్యునల్ ఉండేది. 2021లో దాన్ని రద్దు చేశారు. ఇప్పుడు పేటెంట్ల చట్టం సెక్షన్ 117ఏ కింద మూడు నెలల్లోగా హైకోర్టుకు వెళ్ళాలి. ఖర్చు చూస్తే భయమేసింది. అమ్మ తన పుస్తెలతాడు పక్కన ఉన్న గొలుసు తీసి టేబుల్ మీద పెట్టింది. నేను వద్దన్నాను. "పెట్టె పెట్టింది నేనే గద" అంది. ఆ మాట తర్వాత వెనక్కి పోవాలన్న ఆలోచన రాలేదు.

అప్పీలులో అసలు గొడవ అంతా ఒక్క మాట దగ్గర ఉంది. సెక్షన్ 2(1)(జేఏ) ప్రకారం ఆవిష్కరణలో ఒక ముందడుగు ఉండాలి, అది ఆ విద్యలో నైపుణ్యం ఉన్న మనిషికి తేలిగ్గా తట్టేది కాకూడదు. లాయర్ గారు నాకు సుప్రీంకోర్టు పాత తీర్పు ఒకటి పంపారు, బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ కేసు, 1978ది. మిర్జాపూర్‌లో ఇత్తడి పాత్రలను లేతు మీద పట్టి ఉంచే పరికరం గురించి. అది వర్క్‌షాపులో ఎవరైనా చేసుకునే మార్పే తప్ప ఆవిష్కరణ కాదని కోర్టు ఆ పేటెంటును నిలబెట్టలేదు. చదువుతున్నంత సేపూ నాకు పెంబర్తి ఇత్తడి పనివాళ్ళు గుర్తొచ్చారు. లేతు ముందు కూర్చున్నవాడి చేతికి ఏం తడుతుంది, ఏం తట్టదు అన్నది కోర్టు నిజంగా ఆలోచించాల్సిన విషయమని అప్పుడు తెలిసింది.

అమెరికాలో 2007లో కేఎస్ఆర్ కేసులో సుప్రీంకోర్టు దాదాపు ఇదే మాట ఇంకోలా చెప్పింది. తెలిసిన భాగాలను తెలిసిన పద్ధతిలో కలిపినప్పుడు, ముందే ఊహించగల ఫలితం తప్ప ఇంకేమీ రాకపోతే అది తేలిగ్గా తట్టేదే అయ్యే అవకాశం ఎక్కువ. ఇది మాకు ఎదురు నిలిచే మాట. కానీ నాకు అందులోనే దారి కూడా కనిపించింది. పాత పత్రాలు రెంటినీ ఉన్నవి ఉన్నట్టు కలిపి చూడండి. వచ్చే ఫలితం ఏమిటి? పక్క అక్షరాలు కూడా చెరిగిపోయే బోర్డు. మా దగ్గర అల్యూమినియం రేకు మీద అదే జరిగింది.

2022లో ఢిల్లీ హైకోర్టు అగ్రిబోర్డ్ కేసులో ఒక పద్ధతి చెప్పింది. తట్టేదే అని తిరస్కరించాలంటే మూడు విషయాలు చూడాలి. పాత పత్రంలో ఏముంది, ఈ దరఖాస్తులో ఏముంది, దాని నుంచి దీనికి ఆ విద్య తెలిసిన మనిషి ఎట్లా వస్తాడు. మూడోది కారణాలతో రాయాలి. మా ఆదేశంలో మూడోది లేదన్నదే మా అప్పీలులో మొదటి అంశం.

ఆ "విద్య తెలిసిన మనిషి" ఎవరు? చట్టం ఊహించుకున్న మనిషి ఆయన, పేరుండదు, ఊరుండదు. మా విషయంలో ఆయన ఎవరు, పొడి తెలిసిన రసాయన శాస్త్రవేత్తా? ఎల్ఈడీలు తెలిసిన ఇంజినీరా? నేను చదివిన కాగితాల్లో ఆయన ఎప్పుడూ ఆ ఇద్దరిలో ఒకరే. మేము చేసింది బోర్డు. బోర్డు తెలిసిన మనిషి మా ఇంట్లో ఉన్నాడు. ఆయన ఏడో తరగతి దాకా చదివాడు. ఆయనకు తట్టింది ఆ ఇద్దరికీ తట్టలేదు కాబట్టే ఆ రెండు పత్రాల్లో గళ్ళు లేవు. ఈ వాదన కోర్టులో నిలుస్తుందో లేదో నేను చెప్పలేను, కానీ ఇది నిజమని నాకు నమ్మకం.

ఇప్పుడు ఆ ఫోన్ సంగతికి వస్తాను. లాయర్ గారు అడిగిన రోజు సాయంత్రం బాపు దగ్గర కూర్చుని నాలుగో బొమ్మ ముందు పెట్టాను. గీతలు రెండెందుకు గీశావు బాపూ అని అడిగాను.

"సుద్ద దారంతోటి కొడితే గీత గంత మందం పడ్తది బిడ్డా. ఆ గీతల మీద రంగు వెయ్యం. ఇటు పక్క ఒక అంచు, అటు పక్క ఒక అంచు."

"ఎందుకు వెయ్యరు?"

"వేస్తే ఒక గడి రంగు ఇంకో గడిలకు పారుతది. ఎనామిల్ పచ్చిగున్నప్పుడు ఆగుతదా? నడుమ ఖాళీ ఉంటే ఏ గడిది ఆ గడిలనే ఉంటది."

తమ్ముడు పక్కనే నిలబడి వింటున్నాడు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆయన గీసిన రెండు గీతల వెంబడే తమ్ముడు అభ్రకం కోశాడు. గళ్ళ మధ్య ఉన్న సన్నటి పట్టీ రాలిపోయి ఖాళీ మిగిలింది. పక్క అక్షరాలు చెరిగిపోవడం ఆగింది అప్పుడే. ఇన్నేళ్ళూ అల్యూమినియం తీసి అభ్రకం పెట్టడం వల్లే ఆగిందని అనుకున్నాం. స్పెసిఫికేషన్‌లో నేను రాసింది ఒకే వాక్యం: నాలుగో బొమ్మలో చూపినట్టు గళ్ళు ఒకదానికొకటి ఎడంగా ఉంటాయి. ఎందుకు ఎడంగా ఉన్నాయో నాకే తెలియదు.

ఆ ఆదివారం పరీక్ష పెట్టాం. ఒకే అభ్రకం, ఒకే తీగ, ఒకే పొర. ఒక బోర్డులో గళ్ళు అతుక్కుని, ఇంకోదానిలో మధ్య ఖాళీతో. రెండింటి మీదా ఒకే మాట రాసి, మధ్య గడిని ఒకటే సమయం వేడి చేశాం. గది తలుపులు మూసి, ఫోన్‌ను స్టాండ్‌కు పెట్టి, ఎక్స్‌పోజర్ మార్చకుండా ఫోటోలు తీశాం. ఖాళీ లేని బోర్డులో పక్క అక్షరాలు అంచుల నుంచి తినేసినట్టు అరిగిపోయాయి. ఖాళీ ఉన్న బోర్డులో పక్కనున్న అక్షరం ఒత్తుతో సహా నిండుగా ఉంది. మూడుసార్లు చేశాం, మూడుసార్లూ అదే. తమ్ముడు ఏమీ మాట్లాడకుండా బయటికి వెళ్ళి టీ తెచ్చాడు.

లాయర్ గారికి చెప్తే చాలాసేపు ప్రశ్నలు అడిగారు. రేకు మొత్తాన్ని ఒకేసారి వేడి చేసే పాత పత్రంలో ఈ ఖాళీ అవసరమే రాదు, అవసరం రానిది ఎవరికీ తట్టదు, ఈ దిక్కుగా వాదించొచ్చు అన్నారు. క్లెయిమ్‌ను ఇంకా కుదించి ఖాళీని కూడా చేర్చడానికి అప్పీలు దశలో కోర్టు ఒప్పుకుంటుందా అన్నది వేరే వాదన, దానికి విడిగా సిద్ధమవుతున్నారు. ఒప్పుకుంటే మాకు వచ్చే హక్కు మేము మొదట అడిగినదాంట్లో చిన్న ముక్క. నాకు ఇప్పుడు ఆ చిన్న ముక్కే కావాలి. అది మాది.

అఫిడవిట్‌లో రాయడానికి ఆ ఖాళీ ఎంతో కచ్చితంగా కావాలన్నారు. సోమవారం కాలేజీ ల్యాబ్‌లో అడిగి వెర్నియర్ కాలిపర్స్ ఇంటికి తెచ్చాను. ముందు 2019 నాటి గ్రాఫ్ కాగితం మీద రెండు గీతల మధ్య కొలిచాను, 1.6 మిల్లీమీటర్లు. తర్వాత బోర్డులో గళ్ళ మధ్య కొలిచాను, పది చోట్ల 1.5కూ 1.7కూ మధ్యలో వచ్చింది. బాపు లేచి వెళ్ళి అటక మీది రేకు డబ్బాలోంచి తన పాత దారం ఉండ తీశాడు. దానికి సుద్ద రాసి, ఒక కొస నన్ను పట్టుకోమని, ఇంకో కొస తాను పట్టుకుని నల్లటి రేకు మీద టప్పున వదిలాడు. తమ్ముడు వంగి ఆ తెల్లటి గీత మందం కొలిచి చదివాడు.

1.6.

ఆ రాత్రే మూడు కొలతలూ ఫోటోలతో లాయర్ గారికి పంపాను.